మూతపెట్టని వేపుడు

గంజు కింద మంట ఎవరైనా పెట్టొచ్చు, గంటె మాత్రం యేసమ్మ చేతిలోనే ఉండాలి. గోదావరిఖనిలో ఆ కాలనీ చర్చివాళ్ళంతా ఇరవై ఏళ్ళుగా ఒప్పుకున్న సంగతి ఇది. పెళ్ళి కానివ్వండి, జ్ఞాపకార్థ కూడిక కానివ్వండి, యాటమాంసం కూర మాట వచ్చేసరికి పాస్టరుగారైనా సరే, "యేసమ్మక్కకు చెప్పిండ్రా?" అని అడగాల్సిందే. ఆమె కూరలో నూనె వేలెడు మందాన పైకి తేలుతుంది. ముక్క బొక్కను వదిలేసి పులుసులోకి జారుతుంది. తిన్నవాళ్ళు ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా సాయంత్రం దాకా చేతికి ఆ వాసన పోదు. యేసమ్మ చదివింది అయిదో తరగతి. ఒంటి మీద బంగారం అంతంత మాత్రం. వాటి గురించి ఆమె ఎన్నడూ ఎవరితోనూ పోటీ పడలేదు. ఆమెకున్న ఆస్తల్లా ఆ కూరే, దాని చుట్టూ హద్దురాళ్ళు పాతుకుని కూర్చుంది.

ఆ హద్దులోకి గ్లోరియా వచ్చింది.

గ్లోరియా నర్సు. రెండేళ్ళ కింద మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చి, కాలనీ వెనక గల్లీలో ఇల్లు అద్దెకు తీసుకుంది. భర్త రిచర్డ్‌కు కొత్తగూడెంలో గుమాస్తా ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వచ్చిపోతాడు. నలభై దాటినా మనిషి నిలువుగా, తీరుగా ఉంటుంది. చీర కుచ్చిళ్ళు పొద్దున ఎట్లా ఉన్నాయో సాయంత్రమూ అట్లాగే ఉంటాయి. చర్చిలో పాటల గుంపులో ముందు వరుస ఆమెదే. ఇవన్నీ యేసమ్మ ఓర్చుకుంది. మనిషన్నాక పాడుతుంది, చీర కట్టుకుంటుంది, దానికేముంది? ఓర్చుకోలేని సంగతి జూన్ నెలలో ఒక ఆదివారం జరిగింది.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద గ్లోరియా గ్యాస్ పొయ్యి పెట్టించింది. దాని మీద ఇనుప కడాయి ఎక్కించి, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పింది.

"బొగ్గుబాయి పని చేసెటోళ్ళకు మాంసం కావాలె, కాదనను. కండకు బలం దాంట్లనే ఉన్నది. కానీ నూనెల తేలే కూర, దాని కింద కుప్పెడు బువ్వ, ఇదే మూడు పూటలైతే షుగరు రాక ఏమొస్తది? మాంసం ఒక పాలు తీసుకుంటే కూరగాయలు రెండు పాళ్ళు తీసుకోండ్రి. పీచు ఉంటది, కడుపు నిండుతది, రక్తంల చక్కెర జల్ది ఎక్కదు. చూడుండ్రి, ఎంతసేపు పడ్తదో."

నూనెల తేలే కూర అన్నప్పుడు నలుగురైదుగురు ఆడవాళ్ళు యేసమ్మ వైపు చూశారు. చూశారో లేదో దేవుడికి తెలియాలి, చూశారని యేసమ్మ లెక్క.

కడాయి పొగలు కక్కేదాకా కాగింది. బొక్క లేకుండా పలచగా కోసి, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి పట్టించిన మాంసం ముక్కలు అందులో పడి సుర్రుమన్నాయి. రంగు తిరగగానే వాటిని తీసి పక్కన పెట్టి, క్యారెట్టు, బీన్సు వేసింది. తర్వాత క్యాబేజీ, పచ్చటి క్యాప్సికం, చివర ఉల్లికాడలు. గంటె ఆగకుండా తిరుగుతోంది. మూత లేదు, చుక్క నీళ్ళు లేవు. మాంసం మళ్ళీ అందులో కలిపి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి దించేసింది. ఎర్రగా, పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. ఆ వాసనకు గేటు బయట ఆటోవాళ్ళు కూడా తలలు తిప్పారు.

యేసమ్మ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. మాంసం మెత్తగా ఉంది, బీన్సు పళ్ళ కింద కరకరమంది, ఆఖర్న నిమ్మ పులుపు నాలుకను తట్టింది. బాగుంది. అసలు బాధ అదే. బాగా లేకపోతే ఆ మధ్యాహ్నం హాయిగా కునుకు తీసేది.

"కూరగాయలు ఉడకనే లేదు. బర్రెకు గడ్డేసినట్టున్నది" అంది పక్కనున్న సారవ్వతో. సారవ్వ నోరు నిండా ఉండి జవాబు చెప్పలేకపోయింది.

అప్పుడే ఎలీషా, అంటే యేసమ్మ మొగుడు, ఖాళీ కాగితం పళ్ళెం పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. "ఇంకొంచెం ఉన్నదా సిస్టర్?" అని అడిగాడు.

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట 'ఇంకొంచెం' అన్న మాట యేసమ్మ వినలేదు. పెట్టింది తినేవాడు, లేచేవాడు, "మంచిగున్నది" అని చెయ్యి కడుక్కునేవాడు. ఆ 'మంచిగున్నది'తోనే ఆమె ఇన్నేళ్ళూ పొంగిపోయింది. ఇప్పుడు ఇంటికి నడిచిపోతుంటే ఆ ఒక్క మాట చెవిలో జోరీగలా తిరిగింది. మొగుడు వెయ్యి మాటలు ఆడినా పడేది గానీ, ఆ మాట పరాయి పొయ్యి దగ్గర అడిగాడే అన్నది ఆమెకు మింగుడు పడలేదు.

ఎలీషా టింబర్‌మన్. బాయి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు ఆనించే పని. యాభై అయిదేళ్ళు వచ్చాయి, ఇక దిగొద్దంటే వినడు, ఆ పనే తనకు గొప్ప. ఆ నెలల్లో అతనికి మొదటి షిఫ్టు. యేసమ్మ నాలుగున్నరకే లేచేది. సారవ్వ గిన్నెతో బియ్యం కొలిచి, సదయ్య గంజులో ఎసరు పెట్టేది. ఆ ఇంట్లో గిన్నెల్ని అట్లా పిలవడమే అలవాటు. పెళ్ళిలో ఎవరు పెడితే వాళ్ళ పేరు కొట్టించి ఉంటుంది కదా, ఆ పేరే గిన్నె పేరు. మూడు గిన్నెల బాక్సులో అన్నం అదిమి, కూర పైదాకా పోసి, మూత బిగించి సంచిలో పెట్టేది. మధ్యాహ్నం మూడు దాటాక బాక్సు కడిగినంత ఖాళీగా తిరిగొచ్చేది.

బాక్సు ఖాళీగానే వస్తోంది, మనిషి మాత్రం మారుతున్నాడు. జులై దాటేసరికి బెల్టుకు కొత్త బెజ్జం పడింది. రాత్రి అన్నం సగానికి తగ్గింది, అడిగితే "కడుపు నిండుగున్నది" అంటాడు. మూడున్నరకు రావలసిన వాడు అయిదుకు వస్తున్నాడు. ఒకరోజు బస్సు లేటంటాడు, ఒకరోజు యూనియన్ మీటింగంటాడు. పైగా దొడ్లో కాళ్ళు కడుక్కుంటూ చర్చి పాటలు ఈల వేస్తున్నాడు. చిక్కిపోయినవాడు దిగులుగా ఉండాలి గానీ ఈల వేస్తాడా? యేసమ్మకు అక్కడ మొదలైంది అనుమానం.

ఆగస్టులో ఒక సోమవారం సంచి సర్దబోతే అందులో రెండో బాక్సు కనబడింది. గుండ్రటిది, చిన్నది, తమది కాదు. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. యేసమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కూడబలుక్కుని చదివింది. గ్లోరియా.

మూత తీసింది. అడుగున ఒక క్యారెట్టు ముక్క, రెండు ఉల్లికాడలు, అంటీ అంటనట్టు మిరియాల పొడి. ఆమె ఆ క్యారెట్టు ముక్క తీసి నోట్లో వేసుకుంది. పొద్దున వండినది కాకపోయినా ఇంకా కరకరమంది. జూన్ నెలలో షామియానా కింద తిన్న రుచే, అచ్చం అదే.

ఒళ్ళంతా మండింది యేసమ్మకు. నాలుగున్నరకు లేచి తను మూతలు బిగిస్తుంటే, ఈ మహానుభావుడు దారిలో ఇంకొకామె బాక్సు అందుకుంటున్నాడన్నమాట. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా పెద్దలు? పదిహేను రోజులకోసారి వచ్చే మొగుడున్న ఆడది, తెల్లవారకముందే లేచి పరాయి మొగుడికి బీన్సు తరుగుతోందంటే ఏమనుకోవాలి? అసలు అతని మనసు అటు పోయిందంటే యేసమ్మ నాలుగు రోజులు ఏడ్చి, పాస్టరుగారి దగ్గర పంచాయితీ పెట్టి, ఎట్లాగో తేల్చుకునేదేమో. నాలుక అటు పోయిందే, దాన్ని మాత్రం తట్టుకోలేకపోయింది.

అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టే. బాక్సును ఇసుక వేసి తోమి, తుడిచి, ఎప్పటిలాగే సంచిలో పెట్టేసింది. మంగళవారం సాయంత్రం చూస్తే సంచిలో అది లేదు. అంటే వాపసు చేరాల్సిన చోటికి చేరింది.

బుధవారం కూడికలో గ్లోరియా పక్కనే కూర్చుని వాక్యం చదివింది. యేసమ్మకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆమె చేతులే చూస్తూ కూర్చుంది. పొడుగాటి వేళ్ళు, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు, మసాలా పసుపు అంటని చర్మం. తన వేళ్ళు కొంగులో దాచుకుంది.

"యేసమ్మక్కా, బావ మంచిగున్నడా?" అని అడిగింది గ్లోరియా నవ్వుతూ.

ఎంత ధైర్యం! "మంచిగున్నడు. నా చేతి బువ్వ తింటున్నడు, ఏం రోగం?" అంది యేసమ్మ. గ్లోరియా ఏదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడం కూడా యేసమ్మకు దొంగతనంలాగే కనబడింది.

గురువారం అతనికి వారపు సెలవు, ఆగస్టు నుంచి ఆదివారం బదులు అదే. ఆ వేపుడు తను చెయ్యలేనా ఏం? యేసమ్మ లక్ష్మీనగర్ మార్కెట్టుకు వెళ్ళి కిలో బొక్కలేని మాంసం, సంచి నిండా కూరగాయలు తెచ్చింది. చేతిలో ఇరవై ఏళ్ళ విద్య ఉంది, కొలతలు ఎవరినీ అడగాల్సిన పని లేదు. కిలో మాంసమూ ఒకేసారి కడాయిలో పోసింది. అలవాటు కొద్దీ ముందే ఉప్పు వేసింది. ముక్కలు అడుగంటుతాయేమోనని మూత పెట్టింది. మూత తీసి చూస్తే మాంసం నీళ్ళలో ఈదుతోంది. కూరగాయలు వేస్తే అవీ నీళ్ళు వదిలాయి. ఇంత పులుసు ఎలాగూ వచ్చింది కదాని ధనియాల పొడి, కొబ్బరి వేసింది. గంట తర్వాత దిగింది ఎప్పటి కూరే, కాకపోతే అందులో క్యారెట్లు చచ్చిపోయి ఉన్నాయి.

ఎలీషా పళ్ళెం ముందు కూర్చుని ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. "మంచిగున్నది" అన్నాడు.

"సిస్టర్ చేసినంత లేదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎలీషాకు పొలమారింది. కళ్ళ వెంట నీళ్ళు తిరిగేదాకా దగ్గాడు. "ఏ సిస్టర్?" అన్నాడు ఆఖరికి.

"చర్చిల నేర్పిందిగా. ఆమె."

"ఓ, గాయననా... నాకు యాదికి కూడ లేదు" అని నీళ్ళు తాగాడు. కంగారులో గ్లోరియాను 'ఆయన' చేసేశాడు. యేసమ్మ అతని నెత్తి మీద చెయ్యి వేసి తడుతూనే ఉంది, తట్టే చెయ్యి మాత్రం కొంచెం గట్టిగానే పడింది.

మర్నాడు మూడింటికే ఆమె బస్సు ఆగే చోట కిరాణా దుకాణం పక్కన నిలబడింది, కొంగు నెత్తి మీదుగా లాక్కుని. బాయి బస్సు వచ్చింది. ఎలీషా దిగాడు. ఇంటి దారి పట్టకుండా తోపుడు బండి దగ్గర ఆగాడు. ఒక్కొక్క బీన్సు కాయను విరిచి చూసి మరీ ఏరుతున్నాడు, క్యారెట్లు చేతిలో తూచి చూస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క కొత్తిమీర కట్ట ఇంటికి తేని మనిషి! యేసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దుఃఖం నీళ్ళో కోపం నీళ్ళో ఆమెకే తెలియలేదు.

అతను వెనక గల్లీలోకి తిరిగాడు. గ్లోరియా ఉండే ఆవరణలో రెండిళ్ళు, ఒకటే గేటు. ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

యేసమ్మ బయట గోడ పక్కన నిలబడి అనవలసిన మాట కూర్చుకుంది. 'సిస్టర్, నా మొగనికి రెండు పూటలా మీరే పెట్టుండ్రి, ఇగ నాకు పొయ్యెందుకు?' ఇంతే. గట్టిగా, గల్లీ అంతా వినేట్టు. ఇంతలో సుర్రుమన్న చప్పుడు, వెంటనే వాసన వచ్చాయి. ఇక ఆగలేకపోయింది.

గేటు తోసుకుని వెళ్ళింది. గ్లోరియా ఇంటికి తాళం వేసి ఉంది.

ఒక్క క్షణం యేసమ్మకు ఏమీ అర్థం కాలేదు. చప్పుడు పక్కింట్లోంచి వస్తోంది. అది పోశం ఇల్లు. ఎలీషాతో పాటు పాతికేళ్ళు దిమ్మెలు మోసి, మూడేళ్ళ కింద రిటైరైన మనిషి. భార్య పోయింది, బిడ్డకు పోయిన ఏడాది పెళ్ళి చేసి పంపాడు, ఒక్కడే ఉంటాడు. వంటింటి తలుపు తీసే ఉంది. లోపల పోశం పీట మీద కూర్చుని బీన్సు సన్నగా తరుగుతున్నాడు. పొయ్యి ముందు, బనీను మీద, గంటె పట్టుకుని యేసమ్మ మొగుడు.

"ఉప్పు ఇప్పుడే ఎయ్యకు పోశమన్నా. ముందేస్తే నీళ్ళిడుస్తది. ఆఖరుకెయ్యాలె" అంటున్నాడు ఎలీషా. మాంసం ముక్కలు గుప్పెడే వేశాడు, తీశాడు, మళ్ళీ గుప్పెడు వేశాడు. కడాయిని ఒక చేత్తో ఎగరేస్తుంటే క్యారెట్లు గాల్లో తిరగబడి తిరిగొచ్చి అందులోనే పడుతున్నాయి. దిమ్మెలు నిలబెట్టే చేతులు కదా, ఆ ఇనుప కడాయి వాటికి ఈక.

యేసమ్మ గడపలో నిలబడిపోయింది.

ముందు పోశం చూశాడు. "అరే, చెల్లె వచ్చింది!" అన్నాడు. ఎలీషా గంటెతో సహా బిగుసుకుపోయాడు.

"కలుపు రా నాయినా, మాడుతది" అన్నాడు పోశం.

"ఏంది ఇది?" అంది యేసమ్మ.

ఎలీషా కలుపుతూనే చెప్పాడు, ఆమె మొహం చూడకుండా. "మే నెల మెడికల్ పరీక్షల షుగరు మూడొందల ఇరవై వచ్చింది. మూడు నెలలు చూస్తం, తగ్గకపోతే బాయి దిగుడు లేదు అన్నడు డాక్టరు. ఈ నెల ఆఖరుకు మళ్ళ పరీక్ష. గ్లోరియా సిస్టర్‌ను దవాఖానల అడిగితే గిది తినుమన్నది. చర్చిల చూపెట్టింది గూడ అందుకే. నేనే చూపెట్టుమన్న."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పుదు?" అప్పుడు తల తిప్పి చూశాడు. "పోయిన యేడు నూనె జెర తక్కువెయ్యి అంటే ఏం చేసినవ్? రెండు దినాలు బువ్వ ముట్టలే నువ్వు. మన బిడ్డ శాలిని ఫోన్ చేసి ఏడిస్తే తిన్నవ్. ఒక్క నూనెకే గట్ల చేస్తివి. ఇగ నీ కూరే తినద్దన్నరంటే నువ్వు బతుకుతవా? సిస్టర్‌కు గూడ చెప్పిన, నా భార్యకు చెప్పకుండ్రి, గీ మాటొకటి దాయుండ్రి అని."

ఆ రెండు రోజులు యేసమ్మకు బాగా గుర్తున్నాయి, గోడ వైపు తిరిగి పడుకున్నది కూడా.

"మరి నా బాక్సు?"

"నాతోటి పనోళ్ళు వీరేందర్, జైపాల్ తింటరు. కొట్లాడుకుంటరు దాని కోసం. లోపల అందరి బాక్సులు ఒక్కకాడ పెట్టి పంచుకుంటం గదా, యేసమ్మక్క బాక్సు అని ముందుగాల దాన్నే తెరుస్తరు."

"నువ్వు?"

"నేను వాసన చూస్త" అన్నాడు ఎలీషా. "వాసన చూసి ఇటు తిరిగి నాది తింట."

పోశం తరిగిన బీన్సు పొయ్యి దగ్గరికి జరిపాడు.

"బాక్సు మీద ఆమె పేరెందుకున్నది?" అంది యేసమ్మ, ఇంకా ఒక ఆఖరి మేకు పట్టుకుని వేలాడుతూ.

పోశం నవ్వాపుకోలేకపోయాడు. "నా బిడ్డ పెండ్లిల సిస్టర్ పెట్టిన బాక్సు గది. బిడ్డకు పట్నంల అగ్గిపెట్టంత ఇల్లు, గిన్నెలన్ని నా నెత్తిన పెట్టి పోయింది. కూర మిగిలితే రాత్రి ఫ్రిజ్జుల పెడ్త, పొద్దుగాల డ్యూటీకి పోతూ తీస్కపోతడు. ఆదివారం పొద్దుగాల బాక్సిచ్చి నేను పెద్దపల్లి పోయి సోమవారం రాత్రి వచ్చిన, అందుకే గా బాక్సు మీ ఇంటికి వచ్చినట్టున్నది. ఏం చెల్లె, గిన్నె మీద పేరు చూసి వండినోళ్ళ పేరనుకున్నవా?"

సారవ్వ గిన్నె, సదయ్య గంజు అని రోజుకు పదిసార్లు పిలిచే మనిషికి ఆ మాత్రం తట్టలేదు. తట్టనిస్తుందా ఆ కడుపుమంట? యేసమ్మ చెవులు వేడెక్కాయి.

పోశం గోడకు ఆనించిన పళ్ళెం తీసి, కడాయిలోంచి నాలుగు గరిటెలు వేసి ఆమె చేతికిచ్చాడు. "ముందు తిను. నీ మొగుడు మూడు నెలల సంది దీంట్లనే తింటున్నడు."

పళ్ళెం అంచు మీద చుక్కల అక్షరాలు కనబడుతున్నాయి. యేసమ్మ ఎలీషా. పోశం బిడ్డ పెళ్ళికి తనే బజారులో నిలబడి, పేరు తప్పు పోకూడదని దగ్గరుండి కొట్టించింది. తన పేరు మీదే తింటూ తనకు తెలియకుండా తిన్నాడన్నమాట.

ఒక ముద్ద తిన్నది. మాంసం రసం లోపలే ఉంది, బీన్సు పచ్చదనం పోలేదు, మిరియం ఆఖర్న గొంతులో వెచ్చగా దిగింది. గ్లోరియా చేసినదానికన్నా బాగుంది. ఇది ఇంకో కొత్త బాధ. ఆడది అయితే జుట్టు పట్టుకుని లాగేది. మొగుడి చేతి రుచిని ఏం పట్టుకుని లాగాలి? ఇరవై ఏళ్ళు గంజులు దించిన తనకు రానిది, గంటె పట్టి మూడు నెలలు కాని మనిషికి ఎట్లా వచ్చింది? కుళ్ళు, ప్రేమ, సిగ్గు అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. అయినా ఎలీషా, పోశం పక్కన కూర్చుని తింటుంటే తనూ పళ్ళెం ఖాళీ చేసింది.

"రేపటి సంది ఇంట్లనే" అంది పళ్ళెం కడుగుతూ. "పోశమన్నా, నువ్వు గూడ మా ఇంటికే రా."

ఆ తర్వాతి రెండు వారాలు యేసమ్మ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన రోజులు. మొగుడు పక్కన నిలబడి "ముక్క గింత లావు కాదు" అంటాడు. "ఒక్కసారే పోయకు, కడాయి చల్లారుతది" అంటాడు. గంటె పట్టిన ఆమెకు ఇంతవరకు ఒకరు చెప్పింది లేదు. రెండుసార్లు గంటె విసిరి దొడ్లోకి వెళ్ళింది, రెండుసార్లు తనే తిరిగొచ్చింది. ముక్కలు పడీ పడగానే చెయ్యి దానంతటదే మూత కోసం వెతికేది. చివరికి ఇంట్లో ఉన్న మూతలన్నీ మూటగట్టి అటక మీద పడేసింది. మూడో వారం మొదట్లో ఒక సాయంత్రం నీళ్ళు ఊరలేదు. కూరగాయల రంగు పోలేదు. ఎలీషా తిని, "మంచిగున్నది" అన్నాడు.

మంచిగున్నదట. ఆ మాట ఇప్పుడు ఆమెకు సరిపోలేదు. షామియానా కింద అడిగిన మాట కావాలి. గ్లోరియాను అడిగింది తననెందుకు అడగడు? ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఆలోచిస్తే పోశం ఇంట్లో చూసింది గుర్తొచ్చింది. అక్కడ ఎలీషా తన పళ్ళెం ఖాళీ చేసి, ఖాళీ పళ్ళెం వైపు ఒకసారి చూసుకుని, లేచి కడాయి దగ్గరికి వెళ్ళాడు. తన ఇంట్లో అతని పళ్ళెం ఎన్నడు ఖాళీ అయింది? సగం తినకముందే ఆమె గంటె దించుతుంది. వద్దంటున్నా ఇంకోటి వేస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో అతనికి అడిగే సందు తనే ఇవ్వలేదు.

నెలాఖరు పరీక్ష రోజు ఆమె పొద్దున్నుంచి ప్రార్థన చేసింది. మధ్యాహ్నం రెండింటికి ఎలీషా కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "నూట నలభై! ఫిట్టు! ఇగ ఫికర్ లేదు, ఎప్పటిలెక్కనే బాయి దిగుడే" అన్నాడు. గడపలోనే ఆమె చెయ్యి పట్టుకుని నవ్వాడు. యేసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు అతన్ని వంటింట్లోకి రానివ్వలేదు.

పలచగా కోసిన మాంసం, రెండింతల కూరగాయలు. గుప్పెడు గుప్పెడుగా వేసింది. ఉప్పు ఆఖరున చల్లింది. పళ్ళెంలో పావు వంతు అన్నం పెట్టి, పక్కన వేపుడు ఒక్క గంటె వేసింది. కడాయి తన పక్కన పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ కింద పెట్టుకుంది. లేకపోతే అవి ఊరుకోవు.

ఎలీషా తిన్నాడు. క్యారెట్టు కరకరమంది. సగం అయింది. యేసమ్మ చెయ్యి మోకాలి కింద గిలగిల్లాడింది. ముప్పావు అయింది. ఎలీషా వింతగా ఆమె వైపు చూశాడు, గంటె ఇంకా రాలేదేమిటా అని. ఆమె గోడ మీద కేలెండరు చూస్తోంది. పళ్ళెం ఖాళీ అయింది. వేలితో అంచు తుడిచి నాకాడు. ఖాళీ పళ్ళెం చూసుకున్నాడు. కడాయి వైపు చూశాడు.

"ఇంకొంచెం ఉన్నదా?" అన్నాడు.

యేసమ్మ కదల్లేదు. "ఏమన్నవ్?"

"ఇంకొంచెం వెయ్యి అంటున్న."

"ఫ్యాను సప్పుడు. వినబడలే."

ఎలీషాకు అప్పటికి అర్థమైంది. నవ్వు ఆపుకుంటూ పళ్ళెం ముందుకు జరిపాడు. "ఇంకొంచెం వెయ్యవే యేసమ్మా!"

ఆమె గంటె ఎత్తింది, కడాయి మీదే ఆపి పట్టుకుంది.

"ఇంకా గట్టిగ" అంది. "వెనక గల్లీ దాకా వినబడాలె."